కుడి తొడ బరువు

మనుషులు నాకు వీపు ఆనించి కూర్చుంటారు కాబట్టి వాళ్ళ ముఖాలు నాకు పెద్దగా తెలియవు. బరువులు తెలుసు. ఎవడు కోపంగా కూర్చున్నాడో, ఎవడు భయంగా కూర్చున్నాడో, ఎవడు అప్పుడే ఇంట్లో చీవాట్లు తిని వచ్చి కూర్చున్నాడో వాడు నోరు విప్పకముందే నాకు తెలిసిపోతుంది. నేను ఒక పాత అంబాసిడర్ కారు ముందు సీటును. ఇప్పటి కార్లలోలాగా డ్రైవరుకొకటి, పక్కవాడికొకటి అని విడివిడిగా పుట్టినదాన్ని కాదు. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పొడుగు సీటును. ఒక చివర కూర్చున్నవాడు గట్టిగా తుమ్మితే రెండో చివర కూర్చున్నవాడు కదులుతాడు.

కార్ఖానాలో నన్ను కట్టినప్పుడు అడుగున ఇనప చట్రం, దాని మీద వరసగా నిలబెట్టిన స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, ఆ పైన కొబ్బరి పీచు పరుపు, అన్నిటినీ కప్పుతూ ఎర్రటి రెక్సిన్ ఉండేవి. నన్ను చూసి ముచ్చటపడి కారు కొన్నది విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరుగారు. ముచ్చటపడ్డాడే గానీ నా మీద ఒక్కసారైనా కూర్చోలేదు. కారు కొన్నవాడు వెనక కూర్చుంటాడు, కొనలేనివాడు ముందు కూర్చుంటాడు. బడిలో, సభల్లో, పెళ్ళి పందిట్లో ముందు వరస కోసం కొట్టుకుచచ్చే మనుషులు కారు దగ్గరికి వచ్చేసరికి ఎందుకిలా తిరగబడతారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆయన దగ్గర ఎందరు డ్రైవర్లు మారారో, ఎందరు నా మీద కూర్చుని వాళ్ళ అయ్యగారిని మనసులో తిట్టుకున్నారో చెప్పను. ఆ రహస్యాలు నాతోనే ఉండనివ్వండి.

కారు పాతబడ్డాక చేతులు మారి మారి సాలూరు చేరింది. సాలూరు లారీల ఊరు. అక్కడ పసిపిల్లలు కూడా హారను విని అది ఎవరి లారీయో చెప్పేస్తారు. ఊరు దాటగానే ఒడిశా వైపు కొండలు, ఆ కొండల్లో సుంకి ఘాటీ రోడ్డు. ఆ రోడ్డు మీద టాక్సీ తిప్పే తవిటినాయుడు మా కారు కొన్నాడు. మొదటిరోజు తలుపు తీసి దబ్బున కూర్చోకుండా ముందు అరచేత్తో నన్నొకసారి నిమిరి, తర్వాత నెమ్మదిగా బరువు దించాడు. అందుకు ఆయనంటే నాకు ఇష్టం కలిగింది. ఆ ఇష్టం తర్వాత ఆయన నన్ను తిట్టిన తిట్లన్నిటినీ తట్టుకుంది.

తిట్టడానికి కారణం లేకపోలేదు. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒకే మనిషి కూర్చుంటే ఏ సీటైనా కుంగుతుంది. ఆయన కూర్చునే కుడి వైపు నేను గుంట పడిపోయాను. పీచు నలిగి పొడి అయింది. స్ప్రింగుల్లో ఒకటి విరిగి, దాని మొన పైకి లేచి, సరిగ్గా ఆయన కుడి తొడ కింద నిలబడింది. తువ్వాలు మడిచి వేశాడు. గోనె సంచి వేశాడు. భార్య సూరీడమ్మ పాత చీర నాలుగు మడతలు పెట్టి ఇస్తే అదీ వేశాడు. ఆ మొన దేన్నీ లెక్కచేయలేదు. ఘాటీలో ప్రతి మలుపు దగ్గరా గుచ్చేది. "ఓలమ్మ! దొంగముండ సీటు!" అని ఆయన ఒక్క ఎగురు ఎగిరి, తొడ అటు జరిపి ఇటు జరిపి కూర్చునేవాడు. పక్కనున్న ప్రయాణికులు నవ్వేవాళ్ళు. నేను సిగ్గుపడేదాన్ని.

అయితే ఆ గుచ్చుడు కంటే పెద్ద విషయం ఒకటి జరుగుతోంది. అది ఆయనకీ నాకూ తప్ప మరెవరికీ తెలియదు. మనిషి తొడ ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊరుకోదు. లోపల కండరం సన్నగా కదులుతూ ఉంటుంది, బరువు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. తవిటినాయుడి కుడి తొడ మాత్రం అప్పుడప్పుడు ఆ కదలిక మానేస్తోంది. కాసేపు బియ్యం బస్తాలా నా మీద పడి ఉండేది. స్ప్రింగు గుచ్చగానే ఆయన ఎగిరి జరిగేవాడు, మళ్ళీ ప్రాణం వచ్చేది. ఎక్కడైనా కారు ఆపి దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడేవాడు. ఎవరైనా అడిగితే టైరు చూస్తున్నానని చెప్పేవాడు. అది కారు ఆపే కాలు. దాని మీదే ఎక్కినవాళ్ళ ప్రాణాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

సూరీడమ్మ కళ్ళు చురుకైనవి. ఒకరోజు కారు ఇంటి ముందు ఆగగానే కిటికీ దగ్గరికి వచ్చి అడిగేసింది.

"మావా, ఆ కాలు ఏటి అలగ ఈడుస్తన్నావు? ఇజీనారం ఎల్లి డాట్టరు బాబుకి సూపిద్దాం పద."

"కాలికేటైనాది? కాలు బంగారం నాగుంది. సీటే బాగోనేదు. గుచ్చి గుచ్చి సంపేస్తంది. సీటు కుట్టించేస్తే అదే పోతాది."

"సీటు కుట్టించినా పోనేదనుకో?"

"పోతాదంటన్నాను కదేటి!"

మనుషుల్లో ఇదొక వింత. ఒంట్లో ఏదైనా చెడితే ముందు చెప్పు మారుస్తారు, తలగడ మారుస్తారు, మంచం దిక్కు మారుస్తారు. ఒంటి జోలికి చిట్టచివరికి గానీ పోరు. తవిటినాయుడికి మాత్రం అది వింత కాదు, భయం. డాక్టరు చూస్తే ఏమంటాడో ఆయనకు ముందే తెలుసు. ఘాటీ ఎక్కవద్దంటాడు. ఘాటీ ఎక్కని తవిటినాయుడు ఎవరో ఆయనకే తెలియదు. ఆ భయమంతా నా మీదకు తోసేశాడు. మర్నాడే నన్ను పకీరయ్య షెడ్డుకు తీసుకెళ్ళాడు.

పకీరయ్య లారీ సీట్లు కుట్టడంలో పేరున్నవాడు. అతని తండ్రి కాలం నుంచి ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. సీటు కుట్టిన మనిషి, ఆ సీటు మీద మొదటి ట్రిప్పు తానే డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళి రావాలి. తన చేతి పని మీద తన ప్రాణం పెట్టలేనివాడు ఇంకొకడి ప్రాణం దాని మీద పెట్టకూడదని ముసలాయన నియమం. పకీరయ్య దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. సాలూరు డ్రైవర్లు అతని దగ్గరికి రావడానికి సగం కారణం అదే.

"ఎలగ కావాల నాయుడన్నా?" అని అడిగాడు.

"కొత్తలో ఎలగుండేదో అలగ సెయ్యి. మెత్తగుండాల. ఏదీ గుచ్చకూడదు. కూకుంటే మళ్ళీ కదలక్కర్నేకుండా ఉండాల."

నన్ను కారులోంచి విప్పి నేల మీద పెట్టారు. రెక్సిన్ కోసి తీస్తే లోపలి దుమ్ముకు పకీరయ్య దగ్గాడు. కుళ్ళిన గోనెపట్టా, పొడైన పీచు తీసిపారేశాడు. ఆ విరిగిన స్ప్రింగును పటకారుతో పీకి, "ఇదేనన్నమాట ముండ" అని మూలకు విసిరాడు. కుంగిన స్ప్రింగుల్ని మార్చి, ఒక్కొక్కదాన్నీ మెడ నొక్కి పట్టి పురికొసతో పక్కదానికి బిగించి కట్టాడు. కొత్త గోనె, కొత్త పీచు, ఆ పైన పలచగా స్పాంజి, మళ్ళీ ఎర్ర రెక్సినే. దబ్బనం నాలో దిగుతుంటే నాకు నొప్పి తెలియలేదు. చాలా ఏళ్ళకు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నట్టయింది. అంత సంతోషం నాకు కార్ఖానాలో పుట్టిన రోజున కూడా కలగలేదు. అదంతా గర్వమేనని ఒప్పుకుంటాను.

మొదటి ట్రిప్పు కోరాపుట్. అక్కడి నుంచి ఒక స్కూలు మాస్టారు కుటుంబాన్ని సాలూరు తీసుకురావాలి. ఆనవాయితీ ప్రకారం పకీరయ్య పక్కన కూర్చున్నాడు. తవిటినాయుడు ఎక్కి కూర్చుని, "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! రాజాగారి కుర్సీ నాగుందిరా" అన్నాడు. పకీరయ్య వీపు నా మీద ఆనిన తీరులో అతను ఉబ్బితబ్బిబ్బు అయిపోవడం నాకు తెలిసింది. ఘాటీ ఎక్కేటప్పుడు అంతా బాగానే ఉంది. గుచ్చడం లేదు, తిట్టడం లేదు. ఆయన పాట కూడా తీశాడు.

కోరాపుట్లో మాస్టారు, ఆయన భార్య, ఆమె ఒడిలో పసిబిడ్డ వెనక సీటులో ఎక్కారు. తిరుగు ప్రయాణం మొదలైంది. పొట్టంగి దాటాము. సుంకి దాటి కారు కిందికి దిగడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి స్ఫురించింది. ఆయన ఇంతసేపూ ఒక్కసారి కూడా కదలలేదు.

పాత రోజుల్లో అయితే ఈపాటికి ఎన్నిసార్లు ఎగిరి ఉండేవాడో. ఇప్పుడు మలుపు వచ్చినా ఎగరడం లేదు, జరగడం లేదు. నేను మెత్తగా ఉన్నాను కదా, జరగవలసిన అవసరం ఏముంది? ఆయన కోరింది అదే, పకీరయ్య కుట్టింది అదే. ఆయన కుడి తొడ నా మీద నిశ్చలంగా పడి ఉంది. కండరంలో ఆ సన్నటి కదలిక కోసం వెతికాను. లేదు. ఇంకో మలుపు దాకా చూశాను. లేదు. ఆ కాలు ఎప్పుడో చచ్చిపడింది, ఆయనకు ఇంకా తెలియలేదు.

ఇన్నేళ్ళూ ఏ మొన కోసం సిగ్గుపడ్డానో, ఆ మొనే ఆ కాలిని మేలుకొల్పుతూ వచ్చిందని అప్పుడు అర్థమైంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. గుచ్చడానికి మొన కూడా లేదు. మెత్తగా, సుఖంగా, ఏమీ చేయలేకుండా ఆయన్ని మోస్తూ కిందికి పోతున్నాను. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

ముందు మలుపు అవతల నుంచి లారీ హారను వినబడింది. లోడు మీద మూలుగుతూ పైకి వస్తోంది. తవిటినాయుడు బ్రేకు తొక్కాడు. తొక్కాననుకున్నాడు. తొక్కడానికి తొడ నా మీద నొక్కుకోవాలి. నాకు ఏ నొక్కూ తగలలేదు. పాదం ఉన్నచోటనే, యాక్సిలేటరు మీదనే పడి ఉంది. కారు వేగం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇంజను అరిచింది.

"నాయుడన్నా, నిదానం!" అన్నాడు పకీరయ్య.

"ఏమయ్యా, ఏం చేస్తున్నావు? లారీ! ఎదురుగా లారీ!" వెనక నుంచి మాస్టారు. బిడ్డ గుక్కపట్టింది.

తవిటినాయుడు కిందికి చూసుకున్నాడు. తన కాలు ఎక్కడుందో కళ్ళతో చూస్తే గానీ తెలియని స్థితి అది. ఒక చేయి స్టీరింగు వదిలి మోకాలి దగ్గర ప్యాంటు గుప్పిట పట్టి లాగాడు. ఆ తొడ నా మీద నుంచి పైకి లేచి, మళ్ళీ దబ్బుమని పడిపోయింది. పకీరయ్య రెండు చేతులూ డాష్‌బోర్డుకు తన్నిపెట్టి, తల మోకాళ్ళలో పెట్టుకుని దేవుణ్ణి పిలుస్తున్నాడు. లారీ హారను ఇక ఆగడం లేదు. అప్పుడు ఎడమ కాలు, క్లచ్చి మీద ఉండవలసిన కాలు, అడ్డంగా వచ్చి బ్రేకు మీద పడింది. ఆయన ఒంటి బరువంతా నా ఎడమ స్ప్రింగుల మీదికి ఒరిగింది. కారు ఒక్క కుదుపు కుదిపి, ఇంజను ఆగి, ఎడమ చక్రాలు కొండవారనున్న కాలవలో దిగి నిలబడింది. లారీ కుడి వైపు నుంచి గాలి కొట్టుకుంటూ వెళ్ళి కొంచెం పైన ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. బిడ్డ ఏడుపు వినబడుతోంది. ఏడుస్తోంది కాబట్టి బాగానే ఉందని వెనక తల్లి కూడా ఏడవడం మొదలుపెట్టింది.

మాస్టారు దిగి వచ్చి తలుపు మీద గుద్దాడు. "ఏమైందయ్యా? తాగి నడుపుతున్నావా?"

తవిటినాయుడి గుండె కొట్టుకోవడం వీపులోంచి నా దాకా వస్తోంది. లారీవాళ్ళు కూడా దిగి వచ్చారు. సాలూరు లారీయే, తెలిసినవాళ్ళే. అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నట్టున్నారు. ఆయన నోరు విప్పాడు.

"సీటు. కొత్తగా కుట్టించినాం బాబూ. ఎత్తయిపోనాది. బ్రేకు అందనేదు."

నేను విన్నాను. పకీరయ్యా విన్నాడు. నా ఎడమ చివర అతని బరువు ఒక్కసారిగా కుంచించుకుపోయింది. "కొత్తలో నాగే కట్టీసినాను... అలవాటైన ఎత్తు అడగనేదు... నా బుద్ధి గడ్డి తిన్నాది" అన్నాడు మెల్లగా. తవిటినాయుడు అవుననలేదు, కాదనలేదు. లారీలో రెండో డ్రైవరు వచ్చి మా కారు కిందికి దింపాడు. దారి పొడుగునా తవిటినాయుడు నా మధ్యలో, పకీరయ్యను ఆనుకుని కూర్చున్నాడు. ఆ కాలికి మెల్లగా ప్రాణం వచ్చింది.

మేము చేరకముందే కబురు చేరిపోయింది. మర్నాడు పొద్దున్నకల్లా సాలూరులో లారీ ఎక్కే ప్రతివాడికీ తెలుసు, పకీరయ్య కుట్టిన సీటు ఘాటీలో పసిబిడ్డతో సహా అందరినీ చంపబోయిందని. నన్ను మళ్ళీ విప్పి షెడ్డులో నేల మీద పెట్టారు. చుట్టూ డ్రైవర్లు మూగారు. తవిటినాయుడు నిలబడలేక నా మీదే కూర్చున్నాడు. సాయంత్రం ఆయనకు మళ్ళీ కోరాపుట్ ట్రిప్పు ఉంది. పెళ్ళివాళ్ళు. సీటు ఎత్తు దించేస్తే బయలుదేరడమే.

సూరీడమ్మ వచ్చింది. ఆమె గొంతు షెడ్డు రేకుల్ని అదరగొట్టింది.

"పకీరూ! నీ సేతిలో పనితనం ఏటున్నాది? ఇన్నేళ్ళు కుడుతున్నావు, మనిసి కాలికి అందుతాదో అందదో సూసుకోవద్దా? నా మొగుడు కాబట్టి ఆపినాడు. ఇంకోడైతే అందరినీ లోయలో దించీసును! ఆయన సెయ్యి మంచిది కాబట్టి, ఆయన కాలు మంచిది కాబట్టి!"

పకీరయ్య నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని చేతిలో కత్తి ఉంది.

"నిజమే వదినా. నాదే తప్పు. ఇప్పుడే దించీస్తాను. ఇదొక్కటి దించీసి, ఇంక ఘాటీ బళ్ళకి సీట్లు కుట్టను. ఆ పసిగుంట ఏడుపు నా సెవుల్లోంచి పోడం నేదు." తర్వాత తవిటినాయుడితో, "నెగు నాయుడన్నా, కుట్లు కొయ్యాల" అన్నాడు.

తవిటినాయుడు లేవలేదు. ఆయన ఇప్పుడు లేస్తే, పకీరయ్య కోస్తాడు, నేను కుంగుతాను, సాయంత్రం పెళ్ళివాళ్ళు ఎక్కుతారు. ఆయన లేవకపోతే చెప్పాలి. చెబితే ఘాటీ లేదు. నా మీద ఆయన బరువు అటూ ఇటూ ఊగింది. లేవబోయి కూర్చున్నాడు. మళ్ళీ లేవబోయాడు. నాకు ఊపిరి లేదు గానీ, ఉంటే బిగబట్టేదాన్ని.

కత్తి మొన నా కుట్టుకు తగిలింది.

"కొయ్యకు" అన్నాడు తవిటినాయుడు.

"కొయ్యకపోతే ఎలగ?"

"సీటు బాగుంది పకీరూ. బెమ్మాండంగా కుట్టినావు. నాను అబద్దమాడినాను. బ్రేకు అందకపోడం కాదు. కాలు... కాలు ఎక్కడున్నాదో నాకే తెలీనేదు. శానా దినాలై ఇలగే ఉంది."

ఘాటీ నడిపేవాళ్ళకు ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరో చెప్పుల చప్పుడు కాకుండా బయటికి నడిచారు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్ళిపోయారు. అవమానించడానికి కాదు, చూడకుండా ఉండడానికి.

సూరీడమ్మ అప్పటిదాకా నిలబడే ఉంది. దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది. ఆయన కుడి తొడను వేళ్ళతో పట్టి నొక్కింది.

"ఇక్కడ తెలస్తందా?"

"నేదు."

కొంచెం కిందికి జరిగి ఇంకా గట్టిగా గిల్లింది. "ఇక్కడ?"

"నేదే."

మోకాలి పైన తన బలమంతా పెట్టి నొక్కింది. ఆ వేళ్ళ ఒత్తిడి ఆయన తొడ దాటి, రెక్సిన్ దాటి, పీచు దాటి నా స్ప్రింగుల దాకా వచ్చింది. ఆయనకు తెలియలేదు.

"నాకు సెప్పనేదేటి మావా, ఇన్నాళ్ళూ?"

"సెప్తే బండి తాళం అడుగుతావని."

ఆమె చేయి చాపింది. అడగలేదు, ఊరికే చాపి ఉంచింది. ఆయన జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక ఆయన ఒళ్ళంతా ఒక్కసారిగా వదులై నా మీదకు జారింది. అన్నేళ్ళలో ఆయన అంత బరువుగా నా మీద ఎప్పుడూ కూర్చోలేదు. పకీరయ్య కత్తి పక్కన పెట్టి, లేచి వచ్చి, ఆయన పక్కన కూర్చున్నాడు. నేను ఇద్దరినీ మోశాను.